బావర్చీఖానాలో రెండడుగుల జాగా

రంజాన్‌కు ముందటి సంగతి. ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చి దీవాన్‌ఖానాలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. బావర్చీఖానాలోంచి దేగ్చీ పడ్డ చప్పుడు, ఆ వెంటే మా ఆవిడ కేక. పరుగెత్తి వెళ్లేసరికి ఆమె మోరీ పక్కన కూలబడి ఎడమ పాదం పట్టుకుని ఉంది. నేలంతా గంజి, అన్నం. ఆ గుడ్డి బల్బు వెలుతుర్లో పొగలు తప్ప ఇంకేం సరిగ్గా కనిపించడం లేదు.

మా ఇంట్లో అన్నం వార్చే జాగా మోరీ దగ్గరి నేలే. గ్యాస్ గట్టు మీద స్టవ్, మిక్సీ, నీళ్ల బిందె పోను ఇంక అరచెయ్యి పెట్టే చోటుండదు. అందుకని ఆమె ఉడుకుతున్న దేగ్చీని గట్టు మీంచి ఎత్తి, వెనక్కి తిరిగి, నాలుగడుగులు నడిచి, వంగి నేల మీద వార్చేది. పద్నాలుగేళ్లుగా రోజుకు రెండుసార్లు. ఆ రాత్రి తడి బండ మీద కాలు జారింది.

పక్కింటి ఖాలా టూత్‌పేస్ట్ పట్టుకొచ్చింది. అమ్మీ పసుపు రాద్దామంది. ఏడో తరగతి చదివే మా బిటియా మాత్రం ఇద్దర్నీ పక్కకు జరిపి, వాళ్లమ్మ కాలు కుళాయి కింద పెట్టి తిప్పింది. "ఇరవై నిమిషాలు నీళ్లు పోతూనే ఉండాలి, ఇంకేం రాయొద్దు, మా టీచర్ చెప్పింది" అని గట్టిగా పట్టుకుంది. తర్వాత డాక్టర్ కూడా అదే మాటన్నాడు, ఆ నీళ్లే చాలావరకు కాపాడాయని. అల్‌హందులిల్లాహ్, పాదం పైన అరచెయ్యంత మేర పొక్కింది, మూడు వారాల్లో మానింది.

ఆ రాత్రి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక మా ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. "అన్నమంతా నేలపాలైంది" అని మాత్రం అంది. అనకపోవడమే నాకు తక్లీఫ్ అయింది. ఎందుకంటే ఆమె రెండేళ్లుగా నన్ను అడుగుతూనే ఉంది.

"ఏజీ, పొయ్యి పక్కన ఒక రెండడుగుల జాగా కావాలి. దించిన దేగ్చీ పెట్టుకోడానికి."

నా జవాబు ప్రతిసారీ ఒకటే. "పైసే ఆనే దేవ్, దేఖేంగే."

పైసలు రాలేదా అంటే, వచ్చాయి. కిందటేడు మా చెల్లెలి నిస్బత్ మాట నడుస్తున్నప్పుడు లడ్కేవాలే వస్తున్నారని దీవాన్‌ఖానాకు రంగులు వేయించా, కొత్త కర్టెన్లు కొన్నా, సోఫా గుడ్డ మార్పించా. మొత్తం 22,000 అయింది, అందులో సగం కర్జా. మెహమానులు గంటన్నర కూర్చుని, షర్బత్ తాగి, ఇల్లు బాగుందని వెళ్లారు. ఆ షర్బత్ కలిపిన చోటు, ఆ పది మందికి బిర్యానీ వండిన చోటు చూడమని వాళ్లను మేం పిలవలేదు. మనవాళ్ల ఇళ్లలో పైసా ముందు వెళ్లేది మెహమాన్ కళ్లు పడే గోడ మీదికే. ఇంటి ఆడవాళ్లు రోజుకు ఆరేడు గంటలు నిలబడే గోడ వంతు వచ్చేసరికి జేబు ఖాళీ అయి ఉంటుంది. ఈ హిసాబ్ నాది కూడా అని ఆ రాత్రి అర్థమై షర్మ్ అనిపించింది.

కొత్త ఫోన్ కోసం దాచుకున్న 15,000 ఉన్నాయి. రంజాన్ లోపల బావర్చీఖానా బాగు చేయాలని నీయత్ చేసుకున్నా.

అందాజా, ఆ తర్వాత మొదటి గల్తీ

మాది కర్నూలు పాతబస్తీలో అబ్బా కట్టిన ఇల్లు. బావర్చీఖానా ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ముందు మాడ్యులర్ కిచెన్ చేసే ఒకాయన్ని పిలిచి అందాజా అడిగా. టేపు పెట్టి కొలిచి, కాగితం మీద గీసి, 1,80,000 అన్నాడు. చాయ్ ఇచ్చి సలామ్ చెప్పి పంపించా. నాది జిరాక్స్ దుకాణం. ఆ డబ్బు రావాలంటే ఎన్ని కాగితాలు తీయాలో లెక్కేసుకుని, ఆదివారాలు నేనే చేసుకుందామని నిశ్చయించుకున్నా.

యూట్యూబులో చూస్తే పని చాలా ఆసాన్‌గా కనిపించింది. పాలరాయి డిజైన్ స్టిక్కర్ రోల్ తెప్పించి గోడకు అంటించడం, అంతే. 1,100 పెట్టి తెప్పించా. మధ్యాహ్నానికల్లా అంటించేశా. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడితే మాషా అల్లాహ్‌లు వరసగా వచ్చాయి. పదో రోజున స్టవ్ వెనక అంచులు లేచాయి. ఆవిరి లోపలికి పోయి స్టిక్కర్ బొబ్బలెక్కింది. పోపు నూనె చిందిన చోట జిడ్డు పట్టింది. ఒక మూల ఊడి మంట వైపు వేలాడుతుంటే మా ఆవిడే కుంటుకుంటూ వచ్చి పీకి పారేసింది.

గోడ మీద పాత జిడ్డుంది. జిడ్డు మీద జిగురు నిలబడదు. నిలబడినా, మంట పక్కన ప్లాస్టిక్ కాగితం ఉండకూడదు. ఈ రెండు మాటలు నాకు 1,100కు దొరికిన సబఖ్.

కొలత ఎవరిది

స్టిక్కర్ పీకేసిన రోజే అమ్మీ నన్ను కూర్చోబెట్టింది. "బేటా, వండేది నువ్వు కాదు కదా. దానికేం కావాలో దాన్నే అడుగు. టేపు దాని చేతికియ్యి" అంది.

ఇచ్చా. మా ఆవిడ ముందు కొలవమన్నది తన మోచెయ్యి. చెప్పులు తీసి నిటారుగా నిలబడి, మోచేతిని మడిచింది. నేల నుంచి 36 అంగుళాలు. తర్వాత గట్టు కొలిస్తే 34. దాని మీద స్టవ్ ఒక ఐదు అంగుళాలు, ఆ పైన దేగ్చీ. అంటే దేగ్చీ అంచు ఆమె భుజానికి దగ్గర దగ్గరగా ఉంది. లోపలేం ఉడుకుతోందో చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. గట్టు కింద ఒక పీట ఎప్పుడూ ఎందుకుంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

కూరగాయలు కోయడానికి, పిండి కలపడానికి గట్టు మోచేతి కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి ఉంటే భుజాలకూ నడుముకూ ఆరామ్. స్టవ్ పెట్టే గట్టు ఇంకొంచెం కిందికి ఉండాలి, స్టవ్‌కు తన ఎత్తు తనకుంది కాబట్టి. బజారులో రెడీగా దొరికే కిచెన్లకు ఒకే ఎత్తు ఉంటుంది. మన ఇళ్లలో మనుషులకు ఒకే ఎత్తు ఉండదు.

"మరి ఈ గట్టు 34 ఎందుకు పెట్టారు?" అని అడిగా.

అమ్మీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీలోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇల్లు కూడా మునిగింది. నీళ్లు తీశాక అబ్బా అప్పు తెచ్చి ఇల్లు బాగు చేయించాడు. అంతకుముందు వంట నేల మీదే. అమ్మీ ఇంక కింద కూర్చుని వండక్కర్లేదని గట్టు కట్టించాడు. "ఎంత ఎత్తు పెట్టాలి సాబ్ అని మేస్త్రీ అడిగితే, మీ అబ్బా బెల్టు మీద చెయ్యి పెట్టి, ఇంత అన్నాడు. నేను ఇక్కడే, ఈ గడప దగ్గరే నిలబడి ఉన్నా. నన్నెవరడిగారు బేటా?"

అబ్బా మర్హూమ్ మంచివాడు. ఆ గట్టు అమ్మీ మీద మొహబ్బత్‌తోనే కట్టించాడు. అయినా ఒక్క రోజు కూడా దాని దగ్గర నిలబడి వండని మనిషి నడుము కొలత అది. ముందు అమ్మీ, తర్వాత మా ఆవిడ దాని ముందు మునివేళ్ల మీద నిలబడ్డారు. నేనూ అబ్బా చేసిన పనే చేయబోయా, స్టిక్కర్ రంగు కూడా నేనే పసంద్ చేసి.

నాలుగు ఆదివారాలు

మొదటి ఆదివారం సామానంతా ఆంగన్‌లోకి మోశాం. ఒంటి పొయ్యి పెట్టి అక్కడే వంట. ఆ రోజంతా సఫాయి. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, చేతులకు రబ్బర్ గ్లౌజులు తొడుక్కుని, గోడ మీద పూసి పది నిమిషాలు వదిలేస్తే ఏళ్లనాటి జిడ్డు సబ్బులా కరిగి కారుతుంది. సోడా నూనెను నిజంగానే సబ్బుగా మారుస్తుంది, అదే దాని కిటుకు. ఆ తర్వాత రేకుతో గీకి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి.

ఇక్కడ నా రెండో గల్తీ. హుషారులో అమ్మీ సత్తు దేగ్చీని కూడా ఆ నీళ్లలో ముంచా. తీసేసరికి నల్లగా అయింది. బట్టల సోడా సత్తుకు దుష్మన్. స్టీలుకు పర్వాలేదు, సత్తును దూరంగా ఉంచండి.

సింక్ వెనక గోడకు ఎప్పుడూ నెమ్ము, తెల్లగా ఉప్పు పేరుకుని పెచ్చులు రాలుతుండేది. అంతకుముందు రెండుసార్లు దాని మీదే రంగు వేయించా, రెండుసార్లూ ఊడింది. ఈసారి రంగు డబ్బా ముట్టుకోకముందే ప్లంబర్‌ని పిలిచా. సింక్ కింద పైపు జాయింటు చుక్క చుక్కగా కారుతోంది. అది మార్చి, పెచ్చులు గీకేసి, గోడను రెండు వారాలు ఆరనిచ్చాం. నీళ్లు ఆపకుండా వేసే రంగు ఫిజూల్ ఖర్చే.

రెండో ఆదివారం కొత్త గట్టు. పాత గట్టు పగలగొట్టాలనుకున్నా గానీ మా ఆవిడే వద్దంది. "దాన్ని అట్లాగే ఉండనివ్వండి. దాని పక్క గోడకు కింద ఎత్తులో ఇంకొకటి వేయండి. స్టవ్ అక్కడికి మారుద్దాం." పగలగొట్టే మజూరీ, మట్టి మోసే ఆటో అన్నీ మిగిలాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కడప నల్లబండ తెచ్చాం. స్టవ్‌కు రెండడుగులు, మిగిలిన రెండడుగులు ఆమె అడిగిన జాగా.

ఎత్తు మీద కొంచెం బహస్ జరిగింది. కోయడానికైతే 30 బాగుంటుంది, స్టవ్‌కైతే ఇంకా కింద. చివరికి 29కి రాజీ పడ్డాం. కోసేటప్పుడు కింద మందపాటి చెక్క పెట్టుకుంటే ఆ తేడా సరిపోతుంది. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులోనే ఉండాలి. ఇంటి సిలిండర్ రెండడుగుల పైన ఒకటి రెండు అంగుళాలు ఉంటుంది, కాబట్టి 29తో ఖతరా లేదు.

ఇటుక కాళ్లు కట్టి బండ ఎక్కించే పనికి మాత్రం ఒక రోజు మేస్త్రీని పెట్టా. బరువు మోసే పని, కరెంటు పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. అక్కడ కిఫాయత్ చేస్తే జాన్ మీదికొస్తుంది. ఏడు రోజులు ఇటుకలకు నీళ్లు కొట్టి, బండ మీద బరువేం పెట్టకుండా సబర్ పట్టాం.

కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, సిర్కా పడితే మరక పడుతుంది. పడగానే తుడిచేయాలి. బాత్రూం కడిగే యాసిడ్ దాని దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఆ బండ కింద తలుపుల కపాట్ చేయిద్దామని నాకు షౌఖ్. రంపపు పొట్టు చెక్కతో చవకగా అవుతుందన్నారు. అమ్మీ నక్కో అంది. "వరదొచ్చినప్పుడు చెక్క కపాట్ ఉబ్బిపోయి తలుపు తెరుచుకోలేదు. లోపల ఏడాది బియ్యం కుళ్లిపోయింది. బండ మాత్రం కడిగితే మళ్లీ బండే." వరద సంగతి పక్కన పెట్టినా, మోరీ ఉన్న గదిలో నేలకు ఆనుకుని ఆ చెక్క ఉంటే తడి పీల్చి ఉబ్బుతుంది. అందుకని పాత ఇనుప సామాన్ల దుకాణంలో చిల్లుల యాంగిల్ ర్యాక్ కొని, తుప్పు గీకి, రంగు వేసి, గోడకు బోల్టులు బిగించా. బియ్యం డబ్బా నడుము ఎత్తు అరలో, పండగ లగన్లు పై అరలో, రోజూ వాడే దేగ్చీలు చేతికందే చోట. ఏది ఎక్కడన్నది మా ఆవిడ నిర్ణయం. నేను మోశా.

మూడో ఆదివారం టైల్స్. టైల్స్ దుకాణంలో పెద్ద ఆర్డర్లు పోను మిగిలిన అరకొర పెట్టెలు వెనక గోదాంలో పడి ఉంటాయి, అడిగితే సస్తాగా ఇస్తారు. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తువి 24 కావాలి, రెండు గట్ల వెనక రెండడుగుల ఎత్తుకు. ఒకే రంగులో 24 దొరకలేదు. తెల్లవి 15, లేత ఆకుపచ్చవి 9. మా బిటియా నేల మీద పరిచి డిజైన్ కుదిర్చింది.

సిమెంటుతో అతికించే ఇలాంటి గోడ టైల్స్‌ను ముందు నీళ్లలో నానబెట్టాలి. లేకపోతే సిమెంటులోని తడి పీల్చేసి, పట్టు దొరక్క తర్వాత డొల్లగా మోగుతాయి. కింది వరస సమంగా రావడానికి ఒక చెక్కపట్టీని గోడకు మేకులతో కొట్టి దాని మీద నిలబెట్టా. టైలుకూ టైలుకూ మధ్య ఒకే సందు రావడానికి అగ్గిపుల్లలు పెట్టా. మరునాడు పుల్లలు తీసి తెల్ల సిమెంటు నింపి, తడిబట్టతో తుడిచా. రెండు టైల్స్ కొంచెం వంకర. మా ఆవిడ చూసి, "నాకు కనిపిస్తాయి, మెహమానులకు కనిపించవు" అని నవ్వింది. కాలు కాలిన తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదలు.

నాలుగో ఆదివారం రంగు, వెలుతురు, గాలి. ఆరిన గోడకు పుట్టీ పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ ఒక చేయి, ఎనామెల్ రెండు చేతులు వేశా. టైల్స్ పై నుంచి మనిషెత్తు వరకు ఎనామెల్, తుడుచుకోవచ్చని. ఆ పైన, కప్పుకు చూనా సరిపోయింది. ఎనామెల్ వాసన ఘాటుగా ఉంటుంది, రెండు రోజులు కిటికీ తెరిచే ఉంచాం.

మా బల్బు గది మధ్యలో, ఆమె వెనక ఉండేది. గట్టు వైపు తిరిగితే ఆమె నీడే ఆమె చేతుల మీద పడేది. ఎంత పెద్ద బల్బు పెట్టినా అదే తంటా. ఎలక్ట్రీషియన్‌తో నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబును కొత్త గట్టు ఎదురుగోడకే, ఆమె ముఖం ముందుకు వచ్చేలా పెట్టించా. మిక్సీకి వేరే ప్లగ్గు వేయించా. పాత జాలీ ఉన్న చోట, కప్పుకు దగ్గరగా, తలుపుకు ఎదురుగా తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. వేడిగాలి పైకి వెళ్తుంది, తలుపులోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మిర్చి పోపు పెట్టినా ఇప్పుడు దీవాన్‌ఖానాలో అమ్మీ దగ్గడం లేదు.

గ్యాస్ రబ్బరు పైపు మీద తారీఖు చూస్తే ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. కొత్తది ఐఎస్ఐ గుర్తున్నది వేశాం. ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పి పెట్టా. గ్యాస్ వాసన వస్తే లైటు గానీ, ఈ కొత్త ఫ్యాన్ గానీ వేయొద్దు, వేసి ఉంటే ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. అందుకే సిలిండర్‌ను తలుపుల కపాట్‌లో మూసి పెట్టకుండా గట్టు పక్కన గాలి ఆడే చోట నిలబెట్టాం.

హిసాబ్

అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి పైసా పైసా రాస్తున్నా.

సోడా, రేకు, ఎమెరీ కాగితం, గ్లౌజులు: 430
సింక్ పైపు, ప్లంబర్: 850
కడప బండ, ఇటుకలు, సిమెంటు, ఇసుక, ఆటో: 2,900
మేస్త్రీ ఒక రోజు: 1,000
టైల్స్, తెల్ల సిమెంటు: 1,050
పుట్టీ, ప్రైమర్, ఎనామెల్, చూనా, బ్రష్‌లు: 1,900
పాత ర్యాక్, దాని రంగు, బోల్టులు: 1,400
ఎగ్జాస్ట్ ఫ్యాన్, ట్యూబు, ప్లగ్గు, ఎలక్ట్రీషియన్: 2,850
గ్యాస్ పైపు: 190
పీకి పారేసిన స్టిక్కర్: 1,100

మొత్తం 13,670. మిగిలింది 1,330. అందులోంచి అమ్మీకి కొత్త సత్తు దేగ్చీ కొన్నా. నల్లబడ్డదాన్ని కూడా ఆమె పారేయనివ్వలేదు.

మీ ఊళ్లో ధరలు వేరే ఉండొచ్చు. మీది కిరాయి ఇల్లైతే గట్టు కట్టలేరు, టైల్స్ వేయలేరు. అప్పుడు సఫాయి, ట్యూబు లైటు, గోడకు ఆనించే ర్యాక్, తగిన ఎత్తున్న ఒక గట్టి ఇనుప బల్ల చాలు. ఇల్లు ఖాళీ చేస్తే అవన్నీ మీతోపాటే వస్తాయి. చేతిలో రెండు వేలే ఉంటే ముందు కారే పైపు, తర్వాత లైటు, ఆ తర్వాత దించిన దేగ్చీ పెట్టుకునే జాగా. రంగులు ఆఖరికి. అన్నిటికంటే ముందు, ఎవరు అక్కడ నిలబడతారో వాళ్ల చేతికి టేపు ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి సెహ్రీ

రంజాన్ చాంద్ కనిపించడానికి రెండు రోజుల ముందు సామానంతా లోపలికి వెళ్లింది. మా ఆవిడ కొత్త గట్టు మీద మొదట వండింది అన్నమే. ఉడికాక దేగ్చీని స్టవ్ మీంచి పక్కకు, ఆ రెండడుగుల జాగాలోకి జరిపింది. ఎత్తలేదు, తిరగలేదు, నడవలేదు. అక్కడే గిన్నెలోకి గంజి వార్చింది. ఒక అర నిమిషం పని. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నా. అమ్మీ నా పక్కకొచ్చి నిలబడి, తర్వాత లోపలికి వెళ్లి కొత్త గట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. మోచెయ్యి మడిచి చూసుకుంది. అమ్మీదీ మా ఆవిడదీ ఇంచుమించు ఒకే ఎత్తు. "నాక్కూడా సరిపోతుంది" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

మొదటి సెహ్రీకి మూడున్నరకు లేచా. పద్నాలుగేళ్లలో సెహ్రీ వంటకు నేను లేవడం అదే మొదలు. ఎప్పుడూ దస్తర్‌ఖాన్ పరిచాక లేపేవారు. ఆమె ఖిచిడీకి పప్పు కడుగుతుంటే నేను రొట్టెల పిండి కలుపుతానన్నా. కొత్త గట్టు మీద పరాత్ పెట్టుకుని మొదలుపెట్టా. పది నిమిషాల్లో నడుము పట్టేసింది. ఆ ఎత్తు నాకు చాలా తక్కువ, సగానికి వంగాల్సి వస్తోంది. లేచి నడుము మీద చేతులు పెట్టుకుని "అల్లా!" అన్నా.

మా ఆవిడ పప్పు గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసింది. "పది నిమిషాలకేనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగేళ్లకు జవాబేముంటుంది?

కాసేపటికి తనే పరాత్ తన వైపు లాక్కుంది. "ఇది నా ఎత్తు. మీ జాగా అక్కడుంది" అని పాత గట్టు చూపించింది. అబ్బా నడుముకు కొలిచిన గట్టు. అబ్బా అంత ఎత్తే నాది. దాని ముందు నిలబడితే నాకు అచ్చంగా సరిపోయింది.

"ఉల్లిపాయలు ఆ బుట్టలో ఉన్నాయి. సన్నగా కోయండి. ఇఫ్తార్‌కు పకోడీలకు కూడా కలిపి కోసేయండి" అంది.

ఈ రంజాన్ ముప్పై రోజులూ ఉల్లిపాయలు నావే.